వెర్జిన్ కూర్చునే చోటు

“నోరు మాత్రం విప్పకు గులిజార్. ఆయనేం అడిగినా తలూపు, చాలు.”

“చూపులేని మనిషికి తలూపితే ఏం తెలుస్తుందక్కా?”

సిర్వార్త్ చేతిలోని కొవ్వొత్తుల కట్ట కింద పెట్టింది. నిజమే, ఆ సంగతే తట్టలేదు.

“సరే, నేను పక్కనే ఉంటాను. నీకు గొంతు పట్టేసిందని చెబుతాను.”

ఇస్తాంబుల్‌లో, సమత్యా పేట సందుల్లో ఉన్న ఆ పాత ఆర్మేనియన్ చర్చికి కాపలా మనిషి సిర్వార్తే. ఉండేదీ ఆ ఆవరణలోని గదిలోనే. ఒకప్పుడు పండగొస్తే నిలబడటానికి చోటుండేది కాదు. ఒక్కొక్కరే ఊరొదిలారు, కొందరు లోకమే వదిలారు. ముసలి మతగురువు గెవోంద్‌గారికి కళ్ళు పూర్తిగా పోయాక, బల్లలు ఖాళీ అని ఆయనకు చెప్పడానికి సిర్వార్త్‌కు నోరు రాలేదు. సందులోని ముస్లిం ఇరుగుపొరుగును బతిమాలుకుంది. వాళ్ళు ఆదివారం ఓ గంట వచ్చి కూర్చుని, దగ్గి, కాళ్ళు కదిపి పోతున్నారు.

కిరాణాకొట్టు జెమాల్ అప్పుడే చెప్పులు చప్పుడు చేస్తూ వచ్చాడు.

“ఇవాళైనా ‘ఆమీన్’ అనకు నాయనా. ‘ఆమెన్’ అనాలి” అంది సిర్వార్త్.

“నోరు తిరగాలి కదమ్మా! పోయినసారి మసీదులో ‘ఆమెన్’ అనేశాను. పక్కవాడు నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది.”

మామూలుగా అయితే నవ్వేదే. ఇవాళ నవ్వు రాలేదు. తను కాక సంఘంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి వెర్జిన్. ఏళ్ల తరబడి ఆరాధనలో గెవోంద్‌గారి పాటకు జవాబుగా పాడిన గొంతు ఆమెదే. ఈ వారమే నిద్రలో పోయింది. బంధువులు మరో పేటలోని చర్చి నుంచి సాగనంపారు. “వెర్జిన్ ఉన్నన్నాళ్ళే నేను. ఆ తర్వాత తాళం వేసేయడమే” అని గెవోంద్‌గారు ఎన్నోసార్లు అన్నారు. తాళం వేసిన మర్నాడు ఆ మనిషి బతికుంటారా? అందుకే ఆ కబురు ఆయన చెవిన పడనీయకుండా, ఇవాళ వెర్జిన్ కూర్చునే చోట పొరుగింటి గులిజార్‌ను కూర్చోబెడుతోంది.

ఆరాధన మొదలైంది. సాంబ్రాణి పొగలో ఆయన గొంతు సన్నగా లేచింది. బదులు పాడాల్సిన చోట ఎవరూ పాడలేదు. ఆయన కాసేపు ఆగారు. ఆయన ఆ వంతు కూడా తానే పాడుకున్నారు.

చివర్లో అందరూ వరసగా వచ్చి ఆయన చేయి ముద్దాడారు. గులిజార్ వంతు వచ్చింది.

“వెర్జిన్ వచ్చింది అయ్యగారూ. గొంతు పట్టేసింది, అందుకే పాడలేదు” అంది సిర్వార్త్.

గెవోంద్‌గారు ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“నేను పెళ్ళి చేసిన మొదటి పెళ్ళికూతురివి నువ్వు. ఆ రోజు నాకే ప్రార్థన మాటలు మరుపొస్తే, ముసుగులోంచి నువ్వే మెల్లిగా అందించావు. జ్ఞాపకముందా?”

గులిజార్ కళ్ళు చెమ్మగిల్లాయి. తలూపింది.

“హాయిగా నిద్రపో తల్లీ. ఇంక ఏ బెంగా పెట్టుకోకు” అంటూ ఆయన దీవించిన రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టారు.

తర్వాత బలిపీఠం వైపు తిరిగి, చనిపోయినవాళ్ళ కోసం పాడే పాట ఎత్తుకున్నారు. గొంతు మధ్యలో తెగింది. మళ్ళీ మొదటి నుంచి పాడారు.

అందరూ వెళ్ళిపోయారు. సిర్వార్త్ ఆయన భుజాల మీది వస్త్రం తీసి మడత పెడుతోంది.

“ఆ పాట ఎవరి కోసం అయ్యగారూ?”

“పోయినవాళ్ళు తక్కువా మనకు?”

మడత పెట్టిన వస్త్రాన్ని పెట్టెలో పెడుతూ ఆమె అడిగింది.

“వచ్చే ఆదివారం ఆరాధన ఉంటుంది కదా?”

“ఉంటుంది. తాళం వేస్తే నువ్వెక్కడికి పోతావు?” ఆయన చేయి చాచి ఆమె తల తడిమి, నెమ్మదిగా అన్నారు.

“కాకపోతే రేపటి నుంచి రంజాన్ కదమ్మా, పాపం గులిజార్‌ను ఉపవాసంతో కూర్చోబెట్టకు.”