మూడో మచ్చ

గేటు స్తంభానికి ఏమీ కాలేదు. దాన్ని రివర్సులో గుద్దిన బావగారి కారే వెనక సొట్టపోయి, బంపరు వేలాడేసుకుని నిలబడింది.

"నువ్వే నడిపావని చెప్పు బావా. నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు బావమరిది. అతను స్కూలు బస్సు డ్రైవరు. రికార్డులో ఇప్పటికే రెండు యాక్సిడెంట్లున్నాయి. మూడోది ఎక్కిందంటే లైసెన్సు రద్దు, ఉద్యోగం గోవిందా.

"చచ్చినా అబద్ధం చెప్పను," అన్నాడు బావ. ఆయన నిజాయితీ ఆ ఇంటికి పట్టిన శని.

"వాడు నా తమ్ముడండీ," అంది భార్య.

"అందుకేగా తాళాలిచ్చాను. లేకపోతే ఇద్దునా?" అంటూనే ఆయన ఇన్సూరెన్సు ఆఫీసుకి ఫోన్ కొట్టాడు. "మా బావమరిది నా కారు కొట్టేశాడండీ."

"అయ్యో. మీరు చూశారా?" అంది అవతలి అమ్మాయి.

"పక్కనే ఉన్నాను. ఆపరా ఆపరా అంటూనే ఉన్నాను. చెవిన పెడితేగా."

"ఇదివరకు కూడా ఇలా చేశాడా?"

"రెండుసార్లు. ఒకసారైతే స్కూలు బస్సే కొట్టేశాడు. పిల్లలు లోపల ఉండగానే."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఇప్పుడెక్కడున్నాడు?"

"మా సోఫాలో. కాఫీ తాగుతున్నాడు."

"అతన్ని ఏమీ అనకండి. బయటికి మాత్రం వెళ్లనివ్వకండి. మనుషుల్ని పంపిస్తున్నాం."

"ఇంటికే వస్తారట. ఎంత మర్యాదో చూడు," అని ఫోన్ పెట్టేశాడు బావ.

అరగంటలో ఇద్దరు పోలీసులు దిగారు. "కారు దొంగ ఎవరండీ?"

బావ తెల్లమొహం వేశాడు. "దొంగేమిటండీ? కొట్టేశాడంటే... గుద్దేశాడని."

"దొంగతనం అని ఫిర్యాదు వచ్చింది," అన్నాడు పెద్ద పోలీసు విసుగ్గా. "దొంగతనమా, యాక్సిడెంటా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి, రాసుకుని పోతాం."

బావమరిది కప్పు కింద పెట్టి లేచాడు. "ఒక్క మాట సార్. దొంగతనం డ్రైవింగ్ రికార్డులో ఎక్కుతుందా?"

"అందులో ఎందుకెక్కుతుంది? ఎక్కదు."

బావమరిది రెండు చేతులూ ముందుకు చాచాడు.

"మా బావ చచ్చినా అబద్ధం చెప్పడు సార్. కొట్టేశాను."