కత్తెర గుర్తు

"ఇక్కడ వేలు పెట్టు పిన్నీ. అంత గట్టిగా నొక్కకు, అదేం కాలింగ్ బెల్ కాదు" అంది పిచ్చుక.

పిచ్చుక అంటే అక్క కూతురు. ఎనిమిదో తరగతి. ఒక్కచోట నిలవదని ఇంట్లో ఆ పేరు పెట్టారు.

"ఈ తెల్ల గీతను కావలసిన చోటికి జరుపు. కత్తెర గుర్తు నొక్కు. రెండు ముక్కలైందా? అక్కర్లేనిదాన్ని తాకి డిలీట్ కొట్టు. అంతే!"

"అతుకు కనబడదా?"

"సరిగ్గా కోస్తే కనబడదు. అయినా నీకెందుకీ తిప్పలు? వీడియోలు నాకిచ్చెయ్, చిటికెలో చేసేస్తా."

"మీ అమ్మానాన్నల పెళ్లిరోజుకి నా చేత్తో చేసిస్తానన్నానుగా. నువ్వు స్కూలుకి పో."

పిచ్చుక తుర్రుమంది. పిన్ని తను పనిచేసే కళ్లజోళ్ల షాపుకి ఫోన్ చేసి సెలవు చెప్పింది.

అక్క వచ్చి పక్కన కూలబడింది.

"పిచ్చుక పుట్టినప్పటి ఆసుపత్రి వీడియో ఉందని మీ బావ దాని ముందు నోరు జారారు. సాయంత్రం చూపించమని ప్రాణం తీస్తోంది. నేను కనలేదని తెలిస్తే అది నా మొహం చూస్తుందా?"

"తెలీదులే. నేను చూసుకుంటాను."

"నీ వల్లవుతుందా అసలు?"

"నేర్చుకున్నాగా."

అక్క కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. పిన్ని ట్యాబ్‌లో వీడియో నడిపింది.

మంచం మీద ఒక మనిషి. రేగిన జుట్టు, ఉబ్బిన మొహం, పొత్తిళ్లలో బిడ్డ. బావ ఫోన్ దగ్గరికి తెచ్చేసరికి ఆమె భోరుమంది. ఆ తర్వాత అక్క వచ్చి బిడ్డను అందుకుంది. అక్కణ్ణుంచి ఉంటే చాలు. ముందున్నదంతా పోవాలి.

ఆ మనిషిని చూస్తే పిన్నికి ఒళ్లు మండిపోయింది. ఎవణ్ణో నమ్మింది. వాడు మొహం చాటేశాక కన్నది. ఒక్క పూటైనా పాలివ్వకుండా అప్పగించి చేతులు దులిపేసుకుంది. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

వేళ్లు చెమటకి జారుతున్నాయి. ఒకసారి పొరపాటున అక్క ఉన్న భాగమే ఎగిరిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. గీతను జరిపిన ప్రతిసారీ ఆ ఏడుపు ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. చివరికి పళ్లబిగువున కత్తెర నొక్కేసింది.

సాయంత్రం పిచ్చుక బూట్లయినా విప్పకుండా ట్యాబ్ ఒళ్లో పెట్టుకుంది. అక్క తలుపు పట్టుకుని నిలబడింది.

తెర మీద అక్క చేతుల్లో బిడ్డ. వెనక బావ నవ్వు.

"అమ్మా, ఎంత సన్నగా ఉండేదానివే!"

అక్క మొహంలోకి నెత్తురొచ్చింది. పిన్ని మెల్లగా ఊపిరి వదిలింది.

పిచ్చుక మురిసిపోతూ మళ్లీ మొదటికి తిప్పింది. కొత్త చెయ్యి కదా, తీసేసిన ముక్కలో రెప్పపాటంత కొస మొదట్లో మిగిలిపోయింది. పిచ్చుక చటుక్కున వీడియో ఆపింది. రెండు వేళ్లతో తెరను పెద్దది చేసింది.

"పిన్నీ, ఈ మంచం మీద ఏడుస్తున్నది నువ్వే కదూ?"