మొండి జిగురు

కుట్లకు బదులు గాయాలను బెండకాయ జిగురుతో అతికించాలని నార్త్ కరోలినాలో బయోకెమిస్ట్ నీరజ మూడేళ్ళుగా కుస్తీ పడుతోంది. పట్టు చాలదని బాస్ సణుగుడు. సోమవారం డెమో నెగ్గకపోతే ప్రాజెక్టు మూతే.

ల్యాబ్ ఫ్రిజ్ పాడైతే డెమో బెండకాయలను ఇంటికి తెచ్చిపెట్టింది. ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ ఖాళీ! అత్తగారు స్టవ్ ముందు చెమటలు కక్కుతున్నారు.

"వేపుడు చేద్దామనుకున్నానే. పెరుగు చుక్క వేశాను, మంట పెంచాను, జిగురు వదిల్తేనా! బెండకాయ వేపుడంటే మా వీధిలో నా తర్వాతే ఎవరైనా. పరువు తీశాయే ఇవి!"

"అవి నా ప్రాజెక్ట్, అత్తయ్యా! రేపే డెమో!"

గరిటె తీసి సింకులో పడేయబోయింది నీరజ. గరిటెతోపాటు మూకుడూ పైకి లేచింది. ఊపి చూసింది. ఊడలేదు.

మర్నాడు డెమోలో ఆ గరిటెను బాస్ రెండు చేతులతో లాగి, ఆయాసపడి, ప్రాజెక్టుకి సంతకం పెట్టేశాడు.

సాయంత్రం అత్తగారు అడిగారు. "నా మూకుడేదే?"

"ల్యాబ్‌లో అద్దాల పెట్టెలో పెట్టారు, అత్తయ్యా. కింద మీ పేరు కూడా రాస్తారట."

"వద్దని చెప్పవే తల్లీ! నా వేపుడు జిగురు వదల్లేదని అమెరికా అంతా తెలిసిపోదూ?"