మిన్ చేతి కోడిచారు

ఎండుమిరపకాయలు రోట్లో పడి నలుగుతున్నాయి. నూరుతున్న కరీమున్నీసా చూపు మాత్రం వసారాలో కూర్చున్న మొగుడి మీదే ఉంది. ఆవిడకి ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి. ఆదం అనకాపల్లి బజార్లో బట్టలు కుట్టుకునేవాడు. ఏం బుద్ధి పుట్టిందో, పటాలంలో చేరి సింగపూరు వెళ్ళాడు. యుద్ధంలో జపాను వాళ్ళకి ఖైదీగా చిక్కాడు. నాలుగేళ్ళు కబురు లేదు. పోయాడనుకోమని అందరూ చెప్పినా ఆవిడ వినలేదు. ఉపవాసాలుండి, దర్గాలో చాదర్లు కప్పించి, దారి చూస్తూ కూర్చుంది. మనిషి తిరిగొచ్చి ఆరు నెలలైంది. మొన్న చలిజ్వరంలో కలవరిస్తూ అతను పిలిచింది మాత్రం ఆవిడ పేరు కాదు.

"మిన్, ఇంకో గుక్క," అన్నాడు.

జ్వరం తగ్గగానే నిలదీసింది.

"కొరియా మనిషి. నాకు జొరమొత్తే కారంకారంగా కోడిచారు కాసి తాగించిన మనిషి," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొరియా ఎక్కడుందో ఆవిడకి తెలీదు. కాని ఊరుగాని ఊళ్ళో జ్వరమొస్తే తల దగ్గర కూర్చుని చారు తాగించేది ఎవరు? ఆడదే. ఆ మాత్రం తెలీదా తనకి?

అందుకే ఇవాళ ఈ వంట. ఆ చారేదో తనే కాచి, దాని చేతి రుచిని మొగుడి నాలుక మీంచి తుడిచెయ్యాలి. లేకపోతే ఈ ఇంట్లో తనెందుకు?

"పెరట్లో నాలుగు కోళ్ళున్నాయి. ఏది కొయ్యాలో చూపించు," అంది.

ఆదం చేతులు రెండూ చంకల్లో పెట్టేసుకున్నాడు.

"నన్ను చూపించమనకు. నీకు నచ్చింది తీసుకో."

వేలు చూపడానికి కూడా బద్ధకమే. చివరికి పక్కింటి ఇమామ్ వచ్చి కోడిని కోసిచ్చాడు.

"రంజానుకి చేసిన సేమ్యా ఉంది. అదే వేసెయ్యనా?"

"సేమ్యా కాదు. గోధుమపిండి చపాతీలా వత్తి, కత్తితో సన్నగా కొయ్యాల."

"ఇంకా ఏటి?"

"కొంచెం తియ్యగా కూడా ఉంటాది."

"బెల్లం పుట్టిందే మన ఊళ్ళో. దానికెక్కడ దొరికిందో," అని గొణుక్కుంటూ బెల్లం ముక్క విసిరినట్టే వేసింది. అల్లం, వెల్లుల్లి, నూరిన కారం చారులో మరుగుతుంటే ఇల్లంతా దగ్గు. కోసిన పిండి తాళ్ళు ఒక్కొక్కటీ పైకి తేలాయి.

గిన్నె మొగుడి ముందు ఠక్కున పెట్టి ఎదురుగా కూర్చుంది.

ఆదం ఒక్క గుక్క తాగాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

"కారం ఎక్కువైందా?"

"లేదు. అచ్చం అలాగే ఉంది."

గెలిచానని సంతోషించాలో, అచ్చం దానిలాగే వండానని ఏడవాలో తెలియక ఆవిడ కోపం ఇంకా పెరిగింది.

"అంత బెంగగా ఉంటే దాన్నీ తెచ్చుకోవలసింది. నాలుగేళ్ళు నేనిక్కడ నీకోసం చచ్చేను."

"మిన్ పోయి ఏడాదైంది."

కరీమున్నీసాకి లోపలెక్కడో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. ఈసారి తన మీద తనకే కోపమొచ్చింది.

"ఏటైంది? దానికీ జొరమేనా?" గొంతు తగ్గించి అడిగింది.

ఆదం గిన్నె కింద పెట్టి తన కుడిచేతి చూపుడువేలు వంక చూసుకున్నాడు.

"యుద్ధం అయ్యేక ఇంగిలీసోళ్ళు, మాకు కాపలాకి జపానోళ్ళు పెట్టిన కొరియా సిపాయిల్ని వరసగా నిలబెట్టి, ఎందుకో చెప్పకుండా ఎరిగినోణ్ణి చూపించమంటే, నా ప్రాణం నిలబెట్టినోడని సంబరపడిపోయి నేను మిన్‌ని చూపించేను, ఖైదీల్ని హింసించినోడని ఆణ్ణి తీసుకెళ్ళి ఉరేసేసేరు."