మూడో అంతస్తు కిటికీ

“అది అబద్ధం,” అంది రాజ్యం ఇంగ్లీషులో, అందరికీ వినపడేట్టు.

ఎడిన్‌బరో పాత బస్తీలో ఆ ఇరుకు సందులో నిలబడ్డ టూరిస్టులంతా ఆమె వైపు తిరిగారు. గొడుగు పైకెత్తి కథ చెబుతున్న గైడ్ ఆగిపోయాడు.

“అమ్మమ్మా, ఊరుకో ప్లీజ్,” అంది అక్షర, ఆమె చెయ్యి పట్టుకుని లాగుతూ.

అక్షర రాజ్యం చెల్లెలి మనవరాలు. లీసెస్టర్‌లో మాస్టర్స్ చదువుతోంది. సెలవులకి కోట చూద్దామని బయలుదేరదీస్తే, పాత వీధులు తిప్పే ఈ వాకింగ్ టూర్‌కే వెళ్దామని పట్టుబట్టింది రాజ్యం. తీరా వచ్చాక పొద్దుటినుంచీ గైడ్‌తో ఇది మూడో తగువు. చేపల కొట్లు ఉండేది ఆ పక్క కాదంది. ఈ వీధికి వినిపించేది ఆ చర్చి గంట కాదంది.

గైడ్ నవ్వేసి మళ్లీ పైకి చూపించాడు.

“మూడో అంతస్తు కిటికీ. నలభై ఏడేళ్ల కిందట ఒక ఇండియన్ నర్సు అక్కణ్ణించే దూకి చనిపోయింది. ఇంటి మీద బెంగతో మతి చలించింది పాపం. భర్త దేవుడిలాంటి మనిషి. ఆమెనే తలుచుకుంటూ చనిపోయాడు. ఇప్పటికీ ఆ కిటికీలో తెల్ల చీర...”

ఫోన్లన్నీ పైకి లేచాయి.

“దేవుడా?” అంది రాజ్యం. “తాగొచ్చి కొట్టేవాడు. డ్యూటీకి పోనివ్వకుండా గదిలో పెట్టి తాళం వేసేవాడు. ఆవిడ మతి చక్కగానే ఉంది. ఆవిడ దూకలేదు. ఓ పొద్దున తన కాళ్లతో మెట్లు దిగి వెళ్లిపోయింది. మీరేమో రోజుకి రెండుసార్లు ఆవిడ్ని పిచ్చిదాన్ని చేసి, వాణ్ణి దేవుణ్ణి చేస్తున్నారు.”

“మేడమ్, ఇది ఈ వీధిలో అందరూ చెప్పుకునే కథే.”

“అందరూ అంటే ఎవరు? గోడ అవతల ఏడుపు వినపడితే టీవీ సౌండ్ పెంచుకున్నవాళ్లేగా.”

ఒకావిడ ఎత్తిన ఫోన్ మెల్లగా దించేసింది.

“ఎప్పుడో పోయినావిడ గురించి మనకెందుకు అమ్మమ్మా?” అంది అక్షర తెలుగులో, సిగ్గుతో చితికిపోతూ.

గైడ్ మొహం ఎర్రబడింది. “ఆరేళ్లుగా చెబుతున్నాను. ఒక్కరూ కాదనలేదు. ఆమె చనిపోలేదని మీకెలా తెలుసు?”

రాజ్యం కిటికీ వైపు చూడలేదు. అతని కళ్లలోకే చూసింది.

“ఆ నర్సుని నేనే.”