కాకి ముట్టని పులుసు

పదోనాడు కాకి గోడ మీదే కూర్చుంది. పిండాన్నీ, పక్కన పెట్టిన చేపల పులుసునూ ముట్టలేదు. తీరని కోరికేమిటో తెలియక పూర్వం చుట్టాలు తలలు పట్టుకునేవారు. ఇప్పుడు కర్మ చేయించే దాసరి సంచిలోనే వెతుకుడు పెట్టె ఉంటోంది. పోయినవారు బతికుండగా ఫోన్లో ఏ గ్రూపులో ఏం అడిగినా, జవాబు రానిదాన్ని తవ్వి తీస్తుంది.

వరహాలమ్మ పోయిన మొగుడి పేరు చెప్పింది. పెట్టె చదివింది: "వంటల గ్రూపు, ముప్పయ్యేళ్ల కిందట. మా ఆడది పులుసులో మెంతులు ఎక్కువేస్తాది. నొచ్చుకోకుండా ఎలాగ చెప్పాలండీ?"

"మారు వడ్డించుకుని మరీ తినీవోడు, మారాజు!" అంది వరహాలమ్మ.

"జవాబు చెప్పెయ్యమ్మా, మనిసి ఎదురుచూస్తన్నాడు," అన్నాడు దాసరి.

ఆమె పెట్టె మీదకు వంగింది. "నానేటీ అనుకోన్లే మావా. తిను."

కాకి దిగింది. మెంతులన్నీ ముక్కుతో పక్కకు నెట్టి, మిగతాది తినేసింది.