ఇంటర్వెల్‌కే లేచిపోయే మనిషి

ఇది రాయకూడదనే అనుకున్నాను. రాస్తే నా తప్పు నేనే చదువుకోవాలి.

మా థియేటర్లో ప్రేక్షకుల అభిప్రాయాలు రాసుకునే పని నాది. అప్పుడు ఆడుతున్న, కాలంలో వెనక్కి వెళ్ళే కథ ఉన్న సినిమా చూసి "తల గిర్రున తిరిగిందండీ" అనేవారు, మెచ్చుకోలుగానే. (నా తల టైటిళ్ళకే తిరిగింది, అది వేరే సంగతి.)

ఒకాయన మాత్రం మొదటి ఆరు రోజులూ మ్యాట్నీకి వచ్చి ఇంటర్వెల్‌కే లేచిపోయాడు. నేను అడక్కుండానే రోజూ "విసుగెత్తి మధ్యలో వెళ్ళారు" అని రాసేశాను. ఇంకో వారం ఆడించాలా వద్దా అని ఊగుతున్న మేనేజరు అది చదివి, "రోజూ లేచిపోతున్నారా? రేపటితో ఎత్తేద్దాం" అన్నాడు.

ఏడో రోజు గుమ్మం దగ్గర ఆయన్ని ఆపాను.

"నచ్చని సినిమాకి రోజూ ఎందుకండీ రావడం?"

"నచ్చకపోవడమేంటి పెద్దాయనా. బస్టాండులో హీరోకి దారి చెప్తుందే, ఆవిడ మా ఆవిడే. ఇంటర్వెల్ తర్వాత కనపడదు."

"ఇంటికెళ్తే కనపడుతుందిగా" అని నవ్వాను.

"షూటింగయిన నెలకే పోయిందండీ. ఆవిడ గొంతు ఇక్కడే వినపడుతుంది. రేపూ ఇదే ఆటేగా?"

అవునన్నట్టు తలూపాను.

మర్నాడు మ్యాట్నీ వేళకు వచ్చి, కొత్త పోస్టరు ముందు కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.